మాటర్ డే ఎందుకు గెలుస్తోంది: ఒక క్యాథలిక్ హైస్కూల్ చరిత్ర, ఆటలు, అడ్మిషన్ల లెక్క

క్లుప్తంగా: కాలిఫోర్నియాలోని శాంటా ఆనా నగరంలో ఉన్న మాటర్ డే అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి చదివే క్యాథలిక్ హైస్కూల్. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటల్లో అది దేశంలోనే ముందు వరసలో ఉంటుంది. మంచి కోచ్‌లు ఉన్నారన్న మాట నిజమే కానీ, ఆ ఒక్క కారణంతో ఇన్ని విజయాలు రావు. పబ్లిక్ స్కూళ్లకు ఉండే సరిహద్దులు ఇలాంటి స్కూళ్లకు లేవు. ప్రభుత్వ సాయం లేదు కాబట్టి ఫీజుల మీద, విరాళాల మీద నడవాలి. అందుకు పేరు కావాలి, ఆ పేరును ఆటలు తెచ్చిపెడతాయి. దీని చుట్టూ నడుస్తున్న వాదన అర్థం కావాలంటే మైదానం కన్నా ముందు అడ్మిషన్ల పద్ధతిని చూడాలి.

## ఎనిమిది ఫైనళ్లు, నాలుగే స్కూళ్లు

కాలిఫోర్నియాలో హైస్కూల్ ఆటల్ని నడిపే సంస్థ కాలిఫోర్నియా ఇంటర్‌స్కొలాస్టిక్ ఫెడరేషన్. అందరూ సీఐఎఫ్ అంటారు. 1914లో మొదలైన ఈ సంస్థ కింద ఇప్పుడు 1,500కు పైగా హైస్కూళ్లు ఉన్నాయి. ఫుట్‌బాల్‌లో (ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాలే) అన్నిటికన్నా పై స్థాయిని ఓపెన్ డివిజన్ అంటారు. 2016 నుంచి 2024 వరకు ఆ డివిజన్‌లో ఎనిమిది రాష్ట్ర ఫైనళ్లు జరిగాయి. కొవిడ్ వల్ల 2020 సీజన్‌కు ఫైనల్ లేదు. ఆ ఎనిమిదింటిలో ఐదు మాటర్ డే గెలిచింది, మూడు సెయింట్ జాన్ బాస్కో గెలిచింది. ఓడినవి కూడా రెండే స్కూళ్లు: కాంకర్డ్‌లోని డి లా సాల్, శాన్ మాటెయోలోని జూనిపెరో సెరా.

నాలుగూ క్యాథలిక్ స్కూళ్లే. ఇంత పెద్ద రాష్ట్రంలో, పిల్లల్లో అత్యధికులు పబ్లిక్ స్కూళ్లలోనే చదివే చోట, తొమ్మిదేళ్లపాటు ఒక్క పబ్లిక్ స్కూల్ కూడా ఆ ఫైనల్ మెట్టు ఎక్కలేదు. అందుకే ప్రతి డిసెంబర్‌లో అదే ప్రశ్న మళ్లీ లేస్తుంది: ఇది న్యాయమైన పోటీయేనా?

ఆ నాలుగింటిలో ఒక తేడా ఉంది. మిగతా మూడూ అబ్బాయిల స్కూళ్లుగా ఈ ఫైనళ్లకు వచ్చాయి. కో-ఎడ్ (అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి చదివే) స్కూల్ మాటర్ డే ఒక్కటే. అక్కడ చదివేవాళ్లు సుమారు 2,100 మంది. సగం మంది అమ్మాయిలు అనుకుంటే ఫుట్‌బాల్‌కు అందుబాటులో ఉండేది వెయ్యి మంది అబ్బాయిలే. ఆ సంఖ్యలో అబ్బాయిలున్న పబ్లిక్ స్కూళ్లు దక్షిణ కాలిఫోర్నియాలో బోలెడు. కాబట్టి స్కూల్ ఎంత పెద్దది అన్నది ఇక్కడ జవాబు కాదు. ఆ వెయ్యి మంది ఎక్కడెక్కడి నుంచి వచ్చారన్నదే జవాబు.

## నారింజ తోటల మధ్య మొదలైన స్కూల్

మాటర్ డే 1950లో తెరుచుకుంది. అప్పటికి ఆరెంజ్ కౌంటీ పేరుకు తగ్గట్టే నారింజ తోటల ప్రాంతం. 1950 జనాభా లెక్కల్లో అక్కడున్నది సుమారు 2.16 లక్షల మంది. 1970 నాటికి ఆ సంఖ్య 14 లక్షలు దాటింది. ఇరవై ఏళ్లలో ఆరున్నర రెట్లు! తోటలు కొట్టి కాలనీలు వేశారు. రక్షణ పరిశ్రమలు, విమాన కంపెనీలు ఉద్యోగాలిచ్చాయి. తూర్పు రాష్ట్రాల నుంచి, లాస్ ఏంజెలెస్ నుంచి యువ కుటుంబాలు వచ్చిపడ్డాయి. వాళ్లలో క్యాథలిక్కులు చాలామంది. కౌంటీ నడిబొడ్డున ఉన్న ఈ హైస్కూల్ వాళ్లందరికీ అందే దూరంలో ఉంది. అప్పుడు ఆ ప్రాంతం లాస్ ఏంజెలెస్ ఆర్చ్‌డయోసీస్ (ఆర్చిబిషప్ పాలనలోని చర్చి ప్రాంతం) కింద ఉండేది. ఆరెంజ్ తన సొంత బిషప్‌తో ప్రత్యేక డయోసీస్‌గా ఏర్పడింది 1976లో.

అమెరికాలో క్యాథలిక్ స్కూళ్ల కథ ఇంకా పాతది. 1884లో బాల్టిమోర్‌లో సమావేశమైన బిషప్‌లు ప్రతి పారిష్‌కూ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతానికి) ఒక స్కూల్ ఉండాలని తీర్మానించారు. అప్పటి పబ్లిక్ స్కూళ్లలో ప్రొటెస్టెంట్ వాతావరణం ఎక్కువ. ఐర్లండ్, ఇటలీ, పోలండ్ నుంచి వచ్చిన వలస కుటుంబాలు తమ పిల్లల్ని అక్కడికి పంపడానికి జంకేవి. పిల్లలందరూ పబ్లిక్ స్కూలుకే వెళ్లాలని ఒరెగాన్ రాష్ట్రం చట్టం చేస్తే, 1925లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. క్యాథలిక్ స్కూళ్లకు చట్టపరంగా నిలదొక్కుకునే బలం వచ్చింది ఆ తీర్పుతోనే.

బయటివాళ్లుగా చూసిన సమాజంలో ఆ వలస కుటుంబాలకు ఆట ఒక గుర్తింపు తెచ్చింది. క్యాథలిక్ యూనివర్సిటీ అయిన నోటర్‌డేమ్ ఫుట్‌బాల్ జట్టు దేశమంతటా క్యాథలిక్కుల సొంత జట్టైపోయింది. ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ దేశం నుంచి వలస వచ్చినా శనివారం ఆ జట్టు గెలిస్తే తాము గెలిచినట్టే అనుకునేవారు. ఆ అభిమానం కిందికి, హైస్కూళ్ల దాకా పాకింది. మాటర్ డే తొలి తరం దానికి చక్కటి ఉదాహరణ. డిక్ కౌరీ కోచ్‌గా ఉన్న రోజుల్లో ఇక్కడ ఆడిన జాన్ హువార్టే నోటర్‌డేమ్‌కు వెళ్లి 1964లో హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఏటా దేశంలో ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ అది, 1935 నుంచి ఇస్తున్నారు. తర్వాత 2004లో మాట్ లైనార్ట్, 2021లో బ్రైస్ యంగ్ అదే ట్రోఫీ అందుకున్నారు. ఇద్దరూ మాటర్ డే నుంచి వచ్చినవాళ్లే. ముగ్గురు హైస్మన్ విజేతల్ని ఇచ్చిన హైస్కూల్ అమెరికాలో ఇంకొకటి లేదు.

ఈ విజయాల వెనక కనిపించే మరో విషయం నిలకడ. ఫుట్‌బాల్ కోచ్ బ్రూస్ రాలిన్సన్ అదే స్కూల్ పూర్వ విద్యార్థి. 1989లో బాధ్యత తీసుకుని 2022 దాకా ఉన్నారు. బాస్కెట్‌బాల్ కోచ్ గ్యారీ మెక్‌నైట్ 1982లో వచ్చి వెయ్యికి పైగా మ్యాచ్‌లు గెలిపించారు. కాలిఫోర్నియా హైస్కూల్ బాస్కెట్‌బాల్ చరిత్రలో అంతకన్నా ఎక్కువ గెలిచిన కోచ్ లేరు. పబ్లిక్ స్కూళ్లలో ప్రిన్సిపల్ మారితే, స్కూల్ బోర్డు మారితే కోచ్‌ల పరిస్థితీ మారిపోవచ్చు. ఇక్కడ ఒక మనిషి మూడు దశాబ్దాలు కుదురుగా పని చేయగలిగాడు. తండ్రికి నేర్పిన కోచ్ కొడుక్కీ నేర్పేంత కాలం అది.

ఒక చిన్న వివరణ ఇక్కడ అవసరం. వార్తల్లో మాటర్ డేను 'నేషనల్ చాంపియన్' అని రాస్తుంటారు. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్‌కు జాతీయ టోర్నమెంట్ అంటూ లేదు. సీజన్ అయ్యాక పత్రికలు, క్రీడా వెబ్‌సైట్లు ఇచ్చే ర్యాంకుల్లో మొదటి స్థానం వస్తే ఆ పేరుతో పిలుస్తారు. 1994, 1996ల్లోనే కొన్ని ర్యాంకుల్లో మాటర్ డే మొదటి స్థానంలో ఉంది. 2017 తర్వాత అది దాదాపు అలవాటైపోయింది.

## సన్యాసినులు తగ్గారు, ఖర్చు పెరిగింది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మిషనరీ స్కూళ్లంటే చాలామందికి ఎయిడెడ్ స్కూళ్లు గుర్తొస్తాయి. యాజమాన్యం చర్చిది, టీచర్ల జీతం ప్రభుత్వానిది. అమెరికాలో ఆ దారి మూసుకుపోయింది. పెన్సిల్వేనియా, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు చర్చి స్కూళ్ల టీచర్ల జీతాల్లో సాయం చేయాలని చూస్తే, 1971లో సుప్రీంకోర్టు అది చర్చిని, ప్రభుత్వాన్ని కలిపేయడమే అవుతుందని అడ్డుకుంది. ఆ తర్వాత ఇతర రూపాల్లో సాయానికి కొన్ని రాష్ట్రాలు వీలు కల్పించినా, కాలిఫోర్నియాలో క్యాథలిక్ హైస్కూల్ నడవాలంటే ప్రధానంగా ఫీజులు, విరాళాలే దిక్కు.

ఒకప్పుడు ఇది పెద్ద సమస్య కాదు. టీచర్లలో ఎక్కువమంది సన్యాసినులు, బ్రదర్లు. వాళ్లకు ఇచ్చేది తిండికి, బసకు సరిపోయేంత. 1965లో అమెరికాలో దాదాపు 1.8 లక్షల మంది సన్యాసినులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల లోపే. వాళ్ల చోట మామూలు జీతానికి పని చేసే టీచర్లు వచ్చారు. జీతాలు పెరిగాయి, ఫీజులు పెరిగాయి. ఫీజులు పెరిగేసరికి పిల్లలు తగ్గారు. 1960ల మధ్యలో దేశంలో క్యాథలిక్ స్కూళ్ల విద్యార్థులు సుమారు 52 లక్షలు, ఇప్పుడు 17 లక్షల దగ్గర. వేల స్కూళ్లు మూతపడ్డాయి.

మిగిలిన స్కూళ్లకు ఏదో ఒక ఆకర్షణ కావాల్సి వచ్చింది. కొన్ని చదువుల ఫలితాలతో నిలబడ్డాయి, కొన్ని క్రమశిక్షణకు పేరు తెచ్చుకున్నాయి. మాటర్ డే లాంటివి వీటన్నిటితో పాటు ఆటల్ని కూడా ముందు పెట్టాయి. గెలిస్తే టీవీలో వస్తారు. టీవీలో వస్తే పూర్వ విద్యార్థులు విరాళాలిస్తారు, కొత్త తల్లిదండ్రులు దరఖాస్తు పెడతారు. ఏడాదికి 15 వేల డాలర్లకు పైగా ఫీజు కట్టే కుటుంబాలు వరసలో ఉంటే స్కూల్ నిలుస్తుంది. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కే కాదు, ఫుట్‌బాల్ మొహం చూడని కెమిస్ట్రీ విద్యార్థికి ల్యాబ్ వచ్చేదీ ఆ డబ్బుతోనే. మాటర్ డేను కేవలం ఆటల ఫ్యాక్టరీ అని తీసిపారేసే విమర్శలో ఈ సంగతి మరుగున పడుతుంది.

## అసలు కిటుకు సరిహద్దులో ఉంది

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ విషయం విడమరిచి చెప్పక్కర్లేదు. అర్వైన్‌లోనో, ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో ఇల్లు కొనేముందు మొదట చూసేది ఆ ఇల్లు ఏ స్కూల్ పరిధిలోకి వస్తుందనేదే. పబ్లిక్ స్కూల్ అంటే ఒక గీత. గీత లోపలున్న పిల్లలకే సీటు, మినహాయింపులు కొన్నే. అదే వీధిలో అటు వైపు ఇల్లు ఒక స్కూలుకు, ఇటు వైపు ఇల్లు ఇంకో స్కూలుకు వెళ్లడం మామూలే. ఆ గీత లోపల ఆరడుగుల నాలుగంగుళాల పిల్లలు పుట్టకపోతే ఆ పబ్లిక్ స్కూల్ కోచ్ చేయగలిగేది ఏమీ లేదు.

మాటర్ డేకు గీత లేదు. ఆరెంజ్ కౌంటీ, లాస్ ఏంజెలెస్, రివర్‌సైడ్ ఎక్కడి నుంచైనా పిల్లలు రావచ్చు. ఫీజు కట్టగలగాలి, లేదా ఆర్థిక సాయం అందాలి, రోజూ ఆ ఫ్రీవేల మీద ప్రయాణం తట్టుకోవాలి. కోటి మందికి పైగా జనం ఉన్న ప్రాంతంలో ఇంత చోటి నుంచి ఏరుకునే వీలుంటే, ఏడాదికి పదిమంది అసాధారణ ఆటగాళ్లు దొరకడం పెద్ద విశేషం కాదు.

మన దగ్గర దీనికి దగ్గరి పోలిక కార్పొరేట్ జూనియర్ కాలేజీలు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లల్ని జిల్లాల నుంచి ఏరి, ఫీజులో రాయితీ ఇచ్చి చేర్చుకుంటారు. రెండేళ్లకు ర్యాంకులొస్తే ఆ ఫొటోలు హోర్డింగుల మీద పడతాయి. ఆ హోర్డింగులు చూసి మరో వెయ్యిమంది పూర్తి ఫీజు కట్టి చేరతారు. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. సీఐఎఫ్ నిబంధనల ప్రకారం ఆట బాగా ఆడతాడని ఒక విద్యార్థికి ఫీజు తగ్గించకూడదు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం మాత్రమే ఇవ్వొచ్చు, అదీ ఆడేవాళ్లకు, ఆడనివాళ్లకు ఒకే కొలమానంతో. కోచ్ వెళ్లి పిల్లవాణ్ణి 'మా స్కూలుకు రా' అని పిలవడం కూడా నిషిద్ధం. నిబంధన కాగితం మీద స్పష్టంగానే ఉంది. అమలు చేయడమే కష్టం. చిన్నప్పటి నుంచి వేరే క్లబ్ జట్లలో, ప్రైవేటు శిక్షకుల దగ్గర కలిసి ఆడే పిల్లలు ఎవరు ఎవర్ని పిలిచారో రుజువు చేయడం ఎవరి తరం?

దీనికి ట్రినిటీ లీగ్ తోడైంది, ఏటా తమలో తాము ఆడుకునే స్కూళ్ల గుంపు అది. మాటర్ డే, సెయింట్ జాన్ బాస్కో, సర్వైట్, శాంటా మార్గరీటా, జేసెరా, ఆరెంజ్ లూథరన్ ఇందులో ఉన్నాయి. ఆరింటిలో ఐదు క్యాథలిక్, ఒకటి లూథరన్ (ప్రొటెస్టెంట్ శాఖ). అన్నీ కారులో గంటలోపు దూరం. 1987లో కో-ఎడ్‌గా మొదలైన శాంటా మార్గరీటా నుంచీ ఒక హైస్మన్ విజేత వచ్చాడు: 2002లో కార్సన్ పామర్. జేసెరా మొదలైందే 2003లో. ఇలాంటి లీగ్‌లో ప్రతివారం గట్టి ప్రత్యర్థి ఎదురవుతాడు కాబట్టి యూనివర్సిటీ కోచ్‌లు వచ్చి కూర్చుంటారు. వాళ్లు వస్తారని తెలిస్తే మంచి ఆటగాళ్లు ఆ లీగ్‌కే వస్తారు. శాంటా ఆనా నగరపాలక స్టేడియంలో, సుమారు 9 వేల మంది పట్టే చోట, శుక్రవారం రాత్రి మాటర్ డే, బాస్కో ఆడుతుంటే మైదానం పక్కన ఉన్న చాలామంది చేతుల్లో కనిపించేది పాప్‌కార్న్ కాదు, నోట్‌బుక్.

హైదరాబాద్‌లోనూ క్యాథలిక్ స్కూళ్లు పెద్ద ఆటగాళ్లను ఇచ్చాయి. అజహరుద్దీన్ ఆల్ సెయింట్స్‌లో చదివాడు, లక్ష్మణ్ లిటిల్ ఫ్లవర్‌లో. కానీ ఇక్కడ స్కూల్ జట్టు తొలి మెట్టు మాత్రమే, ఆ పైన క్లబ్బులు, లీగ్‌లు, రాష్ట్ర జట్టు ఎంపికలు ఉంటాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో హైస్కూల్ జట్టే ప్రధాన ద్వారం. దాన్ని దాటితేనే యూనివర్సిటీ స్కాలర్‌షిప్. నాలుగేళ్ల కాలేజీ ఖర్చు లక్షల డాలర్లలో ఉన్నప్పుడు ఏ హైస్కూల్ జెర్సీ వేసుకోవాలన్నది ఒక కుటుంబానికి ఆర్థిక నిర్ణయమే అవుతుంది.

## తొమ్మిదో తరగతి, ఆ తర్వాత

నిబంధనల్లో అందరూ తికమక పడేది ట్రాన్స్‌ఫర్ దగ్గర. అమెరికాలో హైస్కూల్ తొమ్మిదో తరగతితో మొదలవుతుంది. ఎనిమిది పూర్తి చేసిన పిల్లవాడు తొమ్మిదిలో ఏ ప్రైవేటు స్కూల్లో చేరినా ఆటకు అడ్డు లేదు. మాటర్ డేకు పెద్ద బలం ఇదే. ఇక్కడ ట్రాన్స్‌ఫర్ గొడవకు ఆస్కారం ఉండదు.

పదో తరగతిలోనో పదకొండులోనో స్కూల్ మారితే కథ వేరు. కుటుంబం మొత్తం నిజంగా ఇల్లు మారితే పిల్లవాడు వెంటనే ఆడొచ్చు. ఇల్లు మారకుండా స్కూల్ మాత్రమే మారితే, మొదటిసారి అయితే, సీజన్‌లో దాదాపు సగం దాకా బయట కూర్చోవాలి. అందుకే 'ఇల్లు మారాం' అన్న కాగితాలకు అంత విలువ. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, పాత ఇల్లు ఖాళీ చేసిన రుజువు ఇవన్నీ సీఐఎఫ్ సెక్షన్ (ప్రాంతీయ విభాగం) కార్యాలయానికి వెళ్తాయి. తప్పుడు కాగితాలు పెట్టారని తేలితే ఆ విద్యార్థి రెండేళ్ల దాకా అనర్హుడు కావచ్చు. 2025లో దక్షిణ కాలిఫోర్నియాలో ఇలాంటి కేసులు కుప్పగా బయటపడ్డాయి. టొరెన్స్‌లోని మరో కో-ఎడ్ క్యాథలిక్ స్కూల్ బిషప్ మాంట్‌గొమెరీ ఆ ఏడాది తన ఫుట్‌బాల్ సీజన్‌నే రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

అన్ని ట్రాన్స్‌ఫర్లూ మోసం అనుకోవడం తప్పు. బ్రైస్ యంగ్ లాస్ ఏంజెలెస్‌లోని కెథీడ్రల్ హైస్కూల్ నుంచి మాటర్ డేకు మారినవాడే. అదీ క్యాథలిక్ స్కూలే. అలా మారడం నిబంధనల్లో ఉన్న దారి. కానీ నష్టం వేరే చోట జరుగుతుంది. నాలుగేళ్లు ఒకే స్కూల్లో ఓపిగ్గా ఎదిగిన పిల్లవాడి స్థానంలోకి పన్నెండో తరగతిలో ఒక కొత్త ఆటగాడు వచ్చి కూర్చుంటాడు. బయటికి వచ్చేవి విజేతల కథలే. బెంచీ మీద మిగిలిపోయిన ఆ పిల్లవాడు ఏ లెక్కలోనూ కనిపించడు.

ఇప్పుడు డబ్బు కూడా వచ్చి చేరింది. స్కూల్ పేరు, లోగో వాడకుండా ఉంటే కాలిఫోర్నియా హైస్కూల్ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద ప్రకటనల ఒప్పందాలు చేసుకోవచ్చు. టీవీలో కనిపించే జట్టులో ఉంటేనే ఆ ఒప్పందాలకు విలువ. అంటే బలమైన జట్టు వైపు లాగే శక్తి ఇంకొంచెం పెరిగిందన్నమాట.

## అమ్మాయిల ఆటలు: తక్కువ చర్చ, తక్కువ కాని విజయాలు

క్యాథలిక్ విద్యలో అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి చదవడం చాలాకాలం అంగీకారం లేని పద్ధతి. 1929లో పోప్ పదకొండో పయస్ తన లేఖలో దాన్ని సూటిగా తప్పుబట్టారు. అందుకే పాత క్యాథలిక్ హైస్కూళ్లు ఎక్కువగా వేరువేరు. ఒకే ప్రాంగణంలో ఉన్నా రెండు విభాగాలుగా నడిపినవీ ఉన్నాయి. 1960ల తర్వాత సిద్ధాంతం మెత్తబడింది. అంతకన్నా పిల్లల సంఖ్య తగ్గడం గట్టిగా పనిచేసింది. సగం ఖాళీగా ఉన్న రెండు స్కూళ్లను నడిపే స్తోమత లేక చాలా డయోసీస్‌లు వాటిని కలిపేశాయి. కో-ఎడ్ అనేది చాలాచోట్ల లెక్కల పుస్తకం రాసిన తీర్పు.

దాని ఫలితం ఆటల్లో మంచిగానే కనిపించింది. కో-ఎడ్ స్కూల్లో ఫుట్‌బాల్ కోసం కట్టిన జిమ్, వెయిట్ రూమ్, శిక్షకులు, ఫిజియోలు అమ్మాయిలకూ అందుబాటులోకి వస్తారు. మాటర్ డే అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు నుంచి వెళ్లిన కలీనా మోస్కెడా-లూయిస్ కనెక్టికట్ యూనివర్సిటీకి ఆడి మూడు జాతీయ టైటిళ్లు గెలిచింది. 398 మూడు పాయింట్ల బుట్టలతో మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అప్పటికి రికార్డు పెట్టింది. ఆమె వెనకే కేటీ లూ శామ్యూల్సన్ అదే స్కూల్ నుంచి అదే యూనివర్సిటీకి వెళ్లి, ఆ తర్వాత మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ దాకా చేరింది.

సరిహద్దు లేని అడ్మిషన్ల ప్రయోజనం అమ్మాయిల జట్లకూ అంతే ఉంది. అయినా 'అన్యాయం' అనే వాదన అంతా ఫుట్‌బాల్ చుట్టే తిరుగుతుంది. ఎందుకంటే టికెట్లు, టీవీ, డబ్బు అక్కడున్నాయి. న్యాయం గురించిన చర్చ డబ్బున్న చోటే ఆగిపోతే అది సగం చర్చే.

## గెలుపు నీడలో

ఒక జట్టు స్కూలుకు ఇంత పేరు, ఇంత ఆదాయం తెస్తున్నప్పుడు ఆ జట్టును ప్రశ్నించడం కష్టమవుతుంది. 2021 నవంబర్‌లో ఒక మాజీ ఆటగాడి కుటుంబం స్కూల్ మీద, డయోసీస్ మీద కోర్టుకెళ్లింది. లాకర్ రూమ్‌లో ఆటగాళ్ల మధ్య జరిగిన ర్యాగింగ్ తరహా కొట్లాటలో తమ అబ్బాయికి మెదడుకు గాయమైందని, స్కూల్ సరిగ్గా స్పందించలేదని వాళ్ల ఆరోపణ. బయటివారితో విచారణ చేయిస్తామని స్కూల్ ప్రకటించింది. అదే సీజన్‌లో జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా రాష్ట్ర టైటిల్ గెలిచింది.

అంతకుముందు చర్చి లోపలి నుంచే పెద్ద గాయం ఉంది. మాటర్ డేలోనూ, తర్వాత శాంటా మార్గరీటాలోనూ ప్రిన్సిపల్‌గా చేసిన ఒక ప్రీస్ట్‌పై వచ్చిన లైంగిక వేధింపుల కేసులో 2001లో లాస్ ఏంజెలెస్, ఆరెంజ్ డయోసీస్‌లు 52 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నాయి. 2005లో ఆరెంజ్ డయోసీస్ పదుల సంఖ్యలో బాధితులతో 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. స్కూల్ చరిత్ర రాసేటప్పుడు ట్రోఫీల వరసలో వీటికి చోటు దొరకదు. కానీ ఇవి లేకుండా రాసే చరిత్ర నిజమైనది కాదు.

## మిగతా రాష్ట్రాలు ఏం చేశాయి

ఈ సమస్య కాలిఫోర్నియాది మాత్రమే కాదు. న్యూజెర్సీలో పబ్లిక్, నాన్-పబ్లిక్ స్కూళ్లకు వేర్వేరు చాంపియన్‌షిప్‌లు. టెక్సస్‌లో పబ్లిక్ స్కూళ్ల సంస్థ వేరు. డాలస్, హ్యూస్టన్‌లలోని రెండు జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాస సంఘం) స్కూళ్లు మాత్రం ప్రత్యేక ఏర్పాటుతో అందులో ఆడతాయి. లూయిసియానా 2013లో ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లను (సీజన్ చివరి నాకౌట్ పోటీలను) రెండుగా చీల్చింది.

ఇల్లినాయ్ ఇంకో దారి పట్టింది. సరిహద్దు లేని స్కూల్ విద్యార్థుల సంఖ్యను 1.65తో గుణిస్తుంది. వెయ్యిమంది ఉన్న క్యాథలిక్ స్కూల్‌ను 1,650 మంది ఉన్న స్కూల్‌గా లెక్కేసి పెద్ద డివిజన్‌లో ఆడమంటుంది. అబ్బాయిల స్కూల్ అయితే ముందు సంఖ్యను రెట్టింపు చేస్తుంది. కో-ఎడ్ స్కూళ్లకు, అబ్బాయిలకో అమ్మాయిలకో మాత్రమే ఉండే స్కూళ్లకు మధ్య తేడాను లెక్కలోకి తెచ్చిన పద్ధతి కాబట్టి ఇది ఆలోచించదగ్గది. అయితే ఇటీవల పెద్దగా గెలవని జట్లకు ఈ గుణకం నుంచి మినహాయింపు ఉంటుంది.

కాలిఫోర్నియా దక్షిణ సెక్షన్ ఎంచుకున్న మార్గం దీనికన్నా తెలివైనదనే చెప్పాలి. స్కూల్ ఎంత పెద్దది, ఎవరిది అన్నది చూడకుండా ఎంత బలంగా ఆడుతోందన్నది చూసి ప్లేఆఫ్ డివిజన్లు వేస్తుంది. బలహీనమైన క్యాథలిక్ స్కూల్ తనంతటి పబ్లిక్ స్కూల్‌తో ఆడుతుంది, బలమైనవన్నీ పై డివిజన్‌లో కొట్టుకుంటాయి. కింది డివిజన్లలో దీనివల్ల పోటీ నిజంగా మెరుగైంది. మామూలు పబ్లిక్ స్కూళ్లకు టైటిల్ ఆశ మళ్లీ వచ్చింది. అట్టడుగున సమస్య తీరింది, పైకొనలో మాత్రం అలాగే మిగిలింది. పైన ఉండేది అవే నాలుగైదు స్కూళ్లు.

ఫ్లోరిడా గీతనే చెరిపేసింది. 2016 చట్టం తర్వాత అక్కడ ఖాళీ ఉన్న ఏ పబ్లిక్ స్కూల్లోనైనా చేరొచ్చు, చేరిన వెంటనే ఆడొచ్చు. క్యాథలిక్ స్కూళ్లకు ఉన్న ప్రయోజనం పబ్లిక్ స్కూళ్లకూ వచ్చింది. దాంతో ప్రతిభ పబ్లిక్ స్కూళ్ల మధ్యే కుప్పపడటం మొదలైంది. అంటే పేదవాడలోని స్కూల్‌కు నష్టం తప్పలేదు, లాభపడేవాళ్ల పేర్లు మారాయి.

## కుటుంబాలు చూసుకోవాల్సినవి

ఆరెంజ్ కౌంటీలో పిల్లల్ని క్యాథలిక్ హైస్కూల్‌కు పంపాలనుకునే తెలుగు కుటుంబాలు క్యాథలిక్కులే కానవసరం లేదు. ఇతర మతాల పిల్లల్నీ చేర్చుకుంటారు, రిలీజియన్ క్లాసు మాత్రం అందరికీ ఉంటుంది. ఆట కూడా దృష్టిలో ఉంటే నిర్ణయం ఎనిమిదో తరగతిలోనే తీసుకోవడం మేలు. తొమ్మిదిలో చేరితే కాగితాల గొడవ లేదు. తర్వాత మారితే ఇల్లు మారిన రుజువు, లేదా సగం సీజన్ బయట కూర్చోవడం. ఫలానా ఇంటి అడ్రస్ పెట్టేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకూడదు. శిక్ష పడేది పిల్లవాడి రెండేళ్ల ఆట మీద.

ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ప్రధాన జట్లలో చోటు దొరకడం మాటర్ డేలో చాలా కష్టం. టెన్నిస్, స్విమ్మింగ్, ట్రాక్, గోల్ఫ్ లాంటి వాటిలో పరిస్థితి జట్టును బట్టి మారుతుంది. చేర్చే ముందు ఆ ఆట కోచ్‌నే కలిసి, గత ఏడాది జట్టులో తొమ్మిదో తరగతి నుంచి ఉన్నవాళ్లెందరు, మధ్యలో వచ్చినవాళ్లెందరు అని అడగాలి. ఆర్థిక సాయం కోసం దరఖాస్తు పెడితే కుటుంబ ఆదాయ వివరాలే ఆధారం. ఆట చూసి ఫీజు తగ్గిస్తామని ఎవరు మాటిచ్చినా అది నిబంధనలకు విరుద్ధం, తర్వాత ఆ పిల్లవాడి అర్హతకే ఎసరు పెట్టొచ్చు.